మా ఇంటి ఎజ్డీ

పాత మోటారు సైకిళ్ళను బాగుచేసుకొనేవారిలో రెండు తెగలున్నవి. కర్మాగారం నుంచి వెలువడిన నాడు బండి ఎట్లున్నదో తిరిగి అట్లే ఉండవలెనన్నది మొదటి తెగ. రంగు, దానిమీది గీత, చివరకు నట్టు మీది ముద్ర కూడ నాటిదే కావలెనని వారి పట్టుదల. రెండవ తెగవారికి పాత బండి ముడిసరకు మాత్రమే. మడ్‌గార్డులు కోసి, సీటు కురచచేసి, హ్యాండిలు మార్చి, తమ ఊహకు తగినట్లు దానిని మలచుకొంటారు. మొదటివారి దృష్టిలో రెండవవారు కసాయివాండ్రు; రెండవవారి దృష్టిలో మొదటివారు మ్యూజియం కాపలాదారులు. బెళుగుప్పలోని మా కొట్టంలో పద్నాలుగేండ్లు గోనెసంచుల కింద పడియున్న ఎజ్డీని 2023 వేసవిలో బయటికి తీసినప్పుడు ఈ రెండు తెగలూ మా ఇంటిలోనే ఎదురుపడినవి. మొదటి తెగకు నేను, రెండవదానికి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు ప్రతినిధులం. మా అమ్మీ ఏ పక్షమో తెలియడానికి కొన్ని నెలలు పట్టినది.

2022లో మళ్ళీ అంగడికి వచ్చిన ఎజ్డీని ఎరిగిన మన విద్యార్థులకు పాతదాని వంశం తెలియకపోవచ్చును. చెకోస్లోవేకియా దేశంలో ఆయుధాల తయారీదారైన ఫ్రాంటిషెక్ యానెచెక్ 1929లో వాండరర్ అనే జర్మను మోటారు సైకిలు తయారీ హక్కులు కొన్నాడు. తన పేరులోని మొదటి అక్షరాలను, వాండరర్‌లోని మొదటి అక్షరాలను సంధిచేసి పేరు పెట్టినాడు. వారి ఉచ్చారణలో అది 'యావా'. మన దేశానికి వచ్చి 'జావా' అయినది. రుస్తుం ఇరానీ, ఫరూఖ్ ఇరానీల ఐడియల్ జావా కర్మాగారం 1961లో మైసూరులో ప్రారంభమైనది. డెబ్బయ్యవ దశకం నడుమ నుంచి ఆ బండ్లే ఎజ్డీ పేరుతో వెలువడినవి. 1996లో కర్మాగారం మూతపడినది. ఎజ్డీ అన్న పేరుకు రెండు వ్యుత్పత్తులు వినవస్తవి. పార్శీల ప్రాచీన నగరమైన యజ్ద్ నుంచి వచ్చినదని ఒకటి. చెక్ భాషలో స్వారీచేయుట అనే అర్థం గల 'యెజ్దిత్' అన్న క్రియ నుంచి వచ్చినదని మరొకటి. తెలుగు చెప్పుకొని బ్రతికే నాకు రెండూ సమ్మతమే. ఉరుదూ శాఖలోని మిత్రులు మాత్రం మొదటిదానికే ఓటు వేస్తారు.

మాది 1982లో తయారైనది. మా అబ్బా పొరుగూరి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా ఉండగా 1990లో దానిని చేయి మారినదిగా కొన్నాడు. ఒకే సిలిండరు, పొగగొట్టాలు మాత్రం రెండు. కిక్కు కొట్టే కడ్డీయే గేరు వేసే కడ్డీ కూడ. కొత్తవాడు ఎక్కితే తికమకపడి దిగవలసిందే. దాని డుగడుగ ధ్వని ఊరి చివర వినబడగానే బడి పిల్లలు వరుసలో నిలబడేవారట. ఈ మాట వారిలో ఒకరు, ఇప్పుడు నలభై దాటినవారు, నాతో చెప్పినారు.

2002 దేశమంతటా కరవు సంవత్సరం. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వానయే ఆరువందల మిల్లీమీటర్లకు చేరదు. అటువంటి చోట వచ్చే వాన కూడ ముఖం చాటువేసినప్పుడు వేరుశనగ సంగతి అటుంచి, తాగునీరే తపస్సు అవుతుంది. ఊరిలోని చేతిపంపులు గాలి కక్కినవి. మా బంధువుల తోటలో ఒక బోరు మాత్రం సన్నగా పోస్తుండేది. అబ్బా కళ్యాణదుర్గంలో ఒక వెల్డింగు అంగడికి బండిని తీసుకొనిపోయి, వెనుక సీటుకు ఇరువైపులా ఇనుప కమ్మీలతో కొక్కేలు గల చట్రం ఒకటి అతికించి తెచ్చినాడు. పాలవాళ్ళు క్యాన్లు తగిలించుకొనేటటువంటిదే, మరికొంత మోటుది. ఇంట్లో దానిని నీళ్ళ స్టాండు అనేవాళ్ళం. ఇరవై లీటర్ల డబ్బాలు నాలుగు, అంటే ఎనభై కిలోలు. ఫజర్ నమాజు కాగానే ఒక తడవ, బడి విడిచిన తరువాత ఒక తడవ. రెండు డబ్బాలు మాకు, రెండు ఇరుగుపొరుగులకు. ఆ యేడు మొదలు వరుసగా అనేక వేసవులు అట్లే గడిచినవి. 2009లో మోకాళ్ళ నొప్పితో అబ్బా బండి నడపడం మానినాడు. 2019లో మమ్ములను విడిచి పోయినాడు.

బండిని బాగుచేయడంలో మా ఉస్తాద్ ఉరవకొండ నుంచి ఆదివారం ఆదివారం వచ్చేవారు. అరవై దాటిన మనిషి. ఎజ్డీ ఇంజనును కళ్ళు మూసుకొని విప్పగలరు. మిగిలిన రోజులలో నేను, మా ఇంటి పడసాల, ఆయన వప్పగించిన పని. ఆ పనిముట్ల పేర్లు ఒక నిఘంటువుకు సరిపోతవి. ఆయన చేతిలో రేతీ, నా నోట ఆకురాయి. ఆయన పేచ్‌కస్ అడిగితే మా పక్కింటి వడ్రంగి తిరుపుళి అందించేవాడు. పానా అన్న మాట దగ్గర మాత్రం అందరం ఏకమయ్యేవాళ్ళం. మన కళాశాలలో రెండు శాఖలకూ నడుమ గోడ ఉన్నది గాని, మెకానిక్కు అంగడిలో లేదు. సాంకేతిక పదాలకు పర్యాయాలు కల్పించే పండితులు ఒక వారం అక్కడ కూర్చుంటే చాలా శ్రమ తప్పుతుందని నా అభిప్రాయం.

మా మెట్టసీమ వాతావరణం లోహానికి మిత్రుడు, రబ్బరుకు శత్రువు. సముద్రతీరంలో పద్నాలుగేండ్లు పడియుంటే చాసిస్ జల్లెడ అయ్యేది. ఇక్కడి పొడిగాలిలో ఇనుము పైపై తుప్పుతో బయటపడినది. కాని టైర్లు, గొట్టాలు, తీగలపై తొడుగు, సీళ్ళు అప్పడాల వలె పెళపెళలాడినవి. సీళ్ళ విషయంలో అశ్రద్ధ పనికిరాదు. ఇది రెండు స్ట్రోకుల ఇంజను. పిస్టను ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలేసరికి ఒక పేలుడు. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం మొదట క్రాంకు గదిలోనికి పోయి, అక్కడి నుంచి సిలిండరుకు ఎక్కుతుంది. క్రాంకుకు ఇరువైపులా ఉన్న సీళ్ళు ఎండితే ఆ సందులలో నుంచి అదనపు గాలి జొరబడుతుంది. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇంజను కాగి, పిస్టను సిలిండరుకు పట్టుకొనిపోతుంది. బయటికి నిగనిగలాడే ఎన్నో పాత బండ్లు పది మైళ్ళు పోయి నిలిచిపోవడానికి కారణం రూపాయల్లో చూస్తే చిల్లర అయిన ఈ సీళ్ళే. రంగు వేయించే డబ్బు ముందు వీటికి కేటాయించవలెనని బండి కొనబోయే యువకులకు చెప్తున్నాను.

సిలిండరు గోడ అరిగినందున రీబోరు చేయించి, అర మిల్లీమీటరు పెద్దదైన పిస్టను వేసినాము. ఆ పిస్టను కొరకు బెంగుళూరు జె.సి. రోడ్డులో తమ్ముడు రెండు శనివారాలు తిరిగినాడు. ఒక అంగడివారు అసలైనదని చెప్పి ఇచ్చిన కార్బొరేటరు నకిలీదని ఉస్తాద్ చేతిలోకి తీసుకొనగానే చెప్పినారు. కొత్త ఎజ్డీలు నాలుగు స్ట్రోకులవి గనుక వాటి సామాను దీనికి అక్కరకు రాదు. చివరకు పాత కార్బొరేటరునే కిరోసిన్‌లో నానబెట్టి, జెట్టు రంధ్రాన్ని సన్నని రాగి తీగతో జాగ్రత్తగా శుభ్రంచేసి వాడినాము.

పెట్రోలు ట్యాంకు లోపలి తుప్పుకు సిర్కా పోసి, గుప్పెడు గులకరాళ్ళు వేసి, రెండు రోజులు ఊపినాము. కడిగిన వెంటనే ఎండలో పెట్టవలె. తడి నిలిస్తే గంటలో మళ్ళీ తుప్పు. ఎండకు మా ఊరిలో కొదవ లేదు. ట్యాంకు పట్ల ఇంత శ్రద్ధకు మరొక హేతువు ఉన్నది. ఇప్పుడు మనకు దొరకుతున్న పెట్రోలులో ఇరవై శాతం ఇథనాలు. ఇథనాలు గాలిలోని తేమను తాగుతుంది, నాటి రబ్బరును ఉబ్బింపజేస్తుంది. అందుచేత ట్యాంకులో పెట్రోలును నెలల తరబడి నిలువ ఉంచము. కొద్దిగా పోసి, లీటరుకు 40 మిల్లీలీటర్ల నూనె అబ్బా లెక్క ప్రకారం కలిపి, అయిపోయేదాకా నడుపుతాము.

అసలు తగవు చాసిస్ దగ్గర వచ్చినది. రంగు గీకుటకు ముందు ఉస్తాద్ దానిని కిరోసిన్‌తో కడిగి, బాగా తుడిచి, నీళ్ళ స్టాండు అతికిన చోట సుద్దపొడి రాసినారు. అరగంటకు తెల్లని పొడి మీద వెంట్రుకవంటి నల్లని గీత తేలినది. పగులులో దాగిన కిరోసిన్ సుద్దలోనికి ఊరి తన జాడ తానే చెప్పినది. పలుచని గొట్టంపై వెల్డింగు వేడి ఒకచోట, దాని అంచున ఇరుసుకు వెనుక వేలాడిన ఎనభై కిలోలు, మా దారుల గతుకులు. పగలకుండుట ఆశ్చర్యం గాని పగులుట కాదు. స్టాండును కోసివేయక తప్పదని ఉస్తాద్ తేల్చినారు.

తమ్ముడు ఉత్సాహపడినాడు. "భయ్యా, ఎట్లాగూ కోస్తున్నాము గదా, వెనుక భాగమంతా తీసివేసి పొట్టి సీటు పెడదాము. బెంగుళూరులో ఇటువంటి బండ్లను చూడడానికి జనం మూగుతారు" అన్నాడు. నేను చట్టం తీసినాను. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే గట్టిపరచినది. బండి ఇంకను అబ్బా పేర ఉన్నది. వారసుల పేరికి మార్చి, రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొనవలె. కోసిన బండిని తనిఖీకి ఎట్లు తీసుకొనిపోతాము? తమ్ముడు మెత్తబడినాడు. మైసూరు నుంచి వచ్చిన రూపమే ఖాయమని నేను పాత ప్రకటనల చిత్రాలు ముందు వేసికొని కూర్చున్నాను.

ఆ సాయంత్రం కోసిన కమ్మీలు పడసాల మూలన కుప్పగా పడియుండగా అమ్మీ చూచినది. "వీటిని మళ్ళీ ఎక్కడ పెడతారు?" అని అడిగినది. ఇవి బండితో వచ్చినవి కావనీ, తీసివేస్తేనే అసలు రూపమనీ నేను వివరించినాను.

"నేను ఎరిగిన బండికి అవి ఉన్నవి బేటా. ఇరవై ఏండ్లుగా నేను చూస్తున్నదే నాకు అసలుది. మైసూరులో దానిని చేసినవాండ్లు నీళ్ళకు పోయినారా?"

కుళాయి వచ్చినది గదా అని తమ్ముడు అన్నాడు. నిజమే. మా మండలంలోని జీడిపల్లి జలాశయానికి హంద్రీ-నీవా కాలువ ద్వారా 2012లోనే కృష్ణమ్మ వచ్చినది. గుట్టలపై గాలిమరలు తిరుగుతున్నవి. ఊరు 2002 నాటి ఊరు కాదు. "వచ్చినది. మే నెలలో మూడు రోజులకు ఒకమారు వస్తుంది. అప్పుడు నీ పొట్టి సీటు మీద డబ్బా ఎక్కడ పెట్టుకొంటావు?" అని అమ్మీ లోపలికి పోయినది.

ఉస్తాద్ టీ తాగుతూ అంతా విన్నారు. నా వైపు చూచి, "లెక్చరర్ సాబ్, మైసూరువాళ్ళు బండి చేసినారు. మీ వాలిద్ సాబ్ దానిని బెళుగుప్ప బండి చేసినారు. నేను దేనిని బాగుచేయవలెనో చెప్పండి" అన్నారు.

పాత ప్రతులను పరిష్కరించేవారికి ఈ చిక్కు కొత్తది కాదు. కవి వ్రాసిన పాఠం ఒకటి, తరతరాలుగా జనం చదువుకొన్న పాఠం ఒకటి. మొదటిదానిని వెదకుట పరిష్కర్త ధర్మమని మా తరగతిలో నేర్చుకొన్నాము. ఐతే అంచులలో ఎవరో చదువరి వ్రాసుకొన్న అక్షరాలను గీకివేయుమని ఏ గురువూ చెప్పలేదు. నేను ఆ పాత ప్రకటనల చిత్రాలను మడిచి పెట్టినాను.

పగిలిన గొట్టంలోపల సరిగా దిగే మరొక చిన్న గొట్టాన్ని తొడిగి, పైన వెల్డింగు చేయించినాము. స్టాండును ఈసారి అతకలేదు. ఇనుప పట్టీలు వంచి, వాటికిందికి రబ్బరు ముక్కలు వేసి, బోల్టులతో బిగించే ఏర్పాటు ఉస్తాద్ చేసినారు. కొక్కేలను ముందుకు, కిందికి దించినందున బరువు ఇరుసు మీదికి వస్తుంది. నాలుగు డబ్బాలకు బదులు రెండే, నలభై కిలోలు. తోటకు పోవలసిన రోజున బిగిస్తాము. తక్కిన రోజులలో విప్పి కొట్టంలో చిలక్కొయ్యకు తగిలిస్తాము. చాసిస్ మీద పాత అతుకుల గుర్తులను అరగదీయవద్దని తమ్ముడే చెప్పినాడు. రంగు కింద అవి ఇప్పటికీ చేతికి తగులుతవి.

ఖర్చెంత అని మిత్రులు అడుగుతున్నారు. ఆ సొమ్ముకు చేయి మారిన కొత్త రకం బండి తప్పక వచ్చేది. అది పొగ కూడ ఇంత విడువదు. రెండు స్ట్రోకుల పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక దీనిని రోజువారీ స్వారీకి వాడడం లేదు. శుక్రవారం జుమాకు, ఎప్పుడైనా తోటకు, అంతే. 2024 మే నెలలో మాత్రం పదకొండు రోజులు నీళ్ళకు పోయినది. అమ్మీ గడపలో నిలిచి డబ్బాలు లెక్కపెట్టుకొన్నది.

ఆరు వోల్టుల దీపం చీకటిలో మిణుగురు పాటి వెలుగు ఇస్తుంది. అందువలన మగ్రిబ్ అజాన్ లోపల ఇల్లు చేరుకొంటున్నాను. స్పీడోమీటరు ముల్లు ఇంకను కదలడం లేదు. దాని లోపలి తీగ కొరకు తమ్ముడు జె.సి. రోడ్డులో వెదకుతున్నాడు.