కాగితపు దీపము

కార్తికమాసమున ఆకాశదీప మెత్తుట మనకు క్రొత్త గాదు. దేవాలయములందు ధ్వజస్తంభమునకు వ్రేలాడగట్టిన యా దీపము పితృదేవతలకు త్రోవ చూపునని పెద్దలు చెప్పుదురు. నేడు ఇండ్లముందు వ్రేలాడునవి మాత్రము చాలవఱకు అంగళ్లలో కొన్న ప్లాస్టికు గోళములు. కాగితపు దీపమును మనమే చేసికొనవచ్చు నని మనవి చేయుచున్నాను.

క్రీ. శ. 105లో త్సైలున్ అను రాజోద్యోగి కాగితము చేయు విధానమును చక్రవర్తికి నివేదించెనని చీనా చరిత్ర చెప్పుచున్నది. ఆ విద్య మన సీమకును వచ్చినది. నిజాముల కాలమున మన కోరుట్లలో చేతికాగితము తయారయ్యెడిది. పట్వారీలు లెక్కల పుస్తకములకు దానిని వాడెడివారు. యంత్రపు కాగితము వచ్చిన పిదప ఆ వృత్తి క్షీణించినది.

చీనావారు తమ సంవత్సరాదిమాసపు పూర్ణిమనాడు దీపోత్సవము జరుపుదురు. వెదురుబద్దల చట్రమునకు కాగితమో పట్టువస్త్రమో అతికి, లోపల దీపము నుంతురు. ఆ దీపములపై పొడుపుకథలు వ్రాసి వ్రేలాడదీయుదురు. చూడవచ్చినవారు వానిని విప్పవలెను. ఈ యాచారము నాకు మిక్కిలి నచ్చినది. పొడుపుకథలు మన యాడువారి సొత్తే కదా!

కడచిన కార్తికమున మా వాడలోని పిల్లలచేత ఇట్టి దీపములు చేయించితిని. జానెడేసి వెదురుబద్దలు పన్నెండు తీసికొని, దారముతో పెట్టెవలె కట్టవలెను. సిరిసిల్లనుండి బంధువులు తెచ్చిన నూలుకండె మాకు పనికివచ్చినది. పాలిస్టరు దారము వేడికి కరగును గాన నూలే మేలు. అడుగున రెండు బద్దలు అడ్డముగా కట్టి వానిపై రేకుపళ్లె మొకటి బిగించి, అందులో ప్రమిద నుంచవలెను. నాలుగు ప్రక్కలకు గాలిపటపు కాగితమును మైదాపిండి ఉడికించిన జిగురుతో అతికింపవలెను. పైభాగము మాత్రము మూయరాదు. వేడి పోవుటకు త్రోవ లేనిచో కాగిత మంటుకొనును. వెలుగుచున్నంతసేపు పెద్దవా రొకరు కనిపెట్టి యుండవలెను. కొందఱు పిల్లలు జగిత్యాల కోటవలె నక్షత్రాకారము కోరిరి. దాని మూలలు ఇఱుకు గాన అందు ప్రమిదకు మాఱుగా చిన్న విద్యుద్దీపము నుంచితిమి.

మా పొరుగింటి బాలునికి తొమ్మిదేండ్లు. వాని తండ్రి దుబాయిలో పనిచేయుచున్నాడు; మూడేండ్లుగా ఇంటికి రాలేదు. మా ప్రాంతమున నిట్టి యిండ్లు వాడవాడకు గలవు. తండ్రి ఫోను చేసినప్పు డెల్ల వాడు రెండు మాటలు పలికి, ఫోను తల్లి చేతికిచ్చి పరుగెత్తెడివాడు. ఆ పిల్లవాడు తన దీపముపై తానే కట్టిన పొడుపుకథను వ్రాసినాడు: “నెలకొకసారి పైకము పంపును, దినమొకసారి పలుకును, ముట్టుకొనబోయిన అందడు. ఎవరు?”

తల్లి దానిని చదివి కన్నులు తుడుచుకొన్నది. ఆ రాత్రి ఫోనులో భర్తకు దీపమును చూపినది. ఆయన చాలసేపు పలుకలేదట. మఱునాడు తానును ఒక పొడుపుకథ కట్టి కుమారుని అడిగినాడు. దానిని విప్పుటకు బాలుడు అరగంట ఫోను వదలలేదు. నాటినుండి ప్రతి శుక్రవారము తండ్రి యొకటి, కొడుకొకటి చెప్పుకొనుచున్నారు.

సోదరీమణులారా, దీనికి వలసినది పిడికెడు మైదా, కొన్ని వెదురుబద్దలు, ఒక సాయంకాలము. చేయి వంకరపోయినను పిల్లలనే అతికింపనిండు. దానిపై నేమి వ్రాయవలెనో వారినే యోచింపనిండు.