గోదావరి రేవులో బొమ్మల పుస్తకం

రాజమండ్రిలో రైలు దిగినవాడు గోదావరిని చూడకుండా ఉండలేడు. గోదావరి రేవులో పది నిమిషాలు కూర్చున్నవాడు మనుషులను చూడకుండా ఉండలేడు. నాకు ఇంకొక జబ్బు కూడా ఉంది. చూసిన మనిషినల్లా బొమ్మ వెయ్యాలని చెయ్యి లాగుతుంది. బొమ్మలు వెయ్యటం నా వృత్తి కాదు. నాలుగు పెన్సిళ్ళు చెక్కుకుని, జానెడు పుస్తకం ఒకటి సంచీలో పడేసుకుని ఊళ్ళు తిరగటం మాత్రం చాలా ఏళ్ళుగా అలవాటు. ఈ మధ్య ఏదో పని తగిలి రాజమండ్రి వెళ్ళి, మూడు ఉదయాలు పుష్కరాల రేవు మెట్ల మీద గడిపాను.

ఇంట్లో కూర్చుని కూజా బొమ్మ వేసేవాడికి ఒక సుఖం ఉంది. కూజా లేచి పోదు. రేవులో మనుషులు అలా కాదు. ఒకాయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్నాడు గదా అని తలా మెడా గీసేసరికి, ఆయన మునిగి లేచి, పంచె పిండుకుని మెట్లెక్కేస్తాడు. సరే పోనిమ్మని పక్కావిడను మొదలుపెడితే, ఆవిడ దీపం నీళ్ళలో వదిలి మార్కండేయస్వామి గుడి దారి పడుతుంది. మొదటి రోజంతా ఈ తరుముడుతోనే సరిపోయింది. రాత్రి బసలో పుస్తకం విప్పి చూసుకుందును గదా, పేజీకి పదేసి తలకాయలు, మొండేలు! ఎవరికీ ఎవరితోనూ సంబంధం లేదు. పెళ్ళిలో గ్రూపు ఫోటోకి పిలిస్తే అందరూ అలిగి తలొక దిక్కూ చూస్తున్నట్టున్నారు. ఇది గోదావరి రేవు అని చెప్పడానికి ఒక్క ఆనవాలైనా లేదు. బస్టాండంటే నమ్మవచ్చు.

పేజీ నిండా మనుషులను విడివిడిగా చల్లటమే తప్పని కాదు. జపాను చిత్రకారుడు హొకుసాయి బొమ్మల పుస్తకాలున్నాయి. 1814లో మొదటిది అచ్చయింది. మొత్తం 15 సంపుటాలు, చివరివి ఆయన పోయాక వెలువడ్డాయి. వాటిలో ఎన్నో పుటల్లో వెనుక గోడ ఉండదు, కింద నేల ఉండదు. లావుపాటివాళ్ళు, బక్కపలచనివాళ్ళు, స్నానాలు చేసేవాళ్ళు గుంపులు గుంపులుగా ఉంటారు. అయినా మన చూపు ఎక్కడా తట్టుకోదు. ఒకడు వంగిన వైపు మరొకడు తిరిగి ఉంటాడు. ఒకడి మోచెయ్యి మరొకడి తల దగ్గరికి చూపును అందిస్తుంది. నా పేజీలో అందించే చెయ్యి లేదు, అందుకునే చెయ్యీ లేదు.

రెండో రోజు ఉదయం కూడా అదే తంతు. మధ్యాహ్నం ఎండకు దడిసి దామెర్ల రామారావు గారి చిత్రశాలకు వెళ్ళాను. రాజమండ్రి వెళ్ళి అది చూడకుండా తిరిగివచ్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మీద నాకు జాలి. ఆయన 1897లో ఈ ఊళ్ళోనే పుట్టారు. ఇక్కడి ఆర్ట్సు కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆయన చేతిలోని విద్యను కనిపెట్టి ప్రోత్సహించాడు. బొంబాయి జె. జె. కళాశాలలో చదువుకుని, తిరిగివచ్చి ఈ ఊళ్ళోనే పదిమందికి చిత్రకళ నేర్పి, 1925లో, 28వ ఏట, మశూచికంతో వెళ్ళిపోయారు. ఆయన చిత్రాల ముందు నిలబడ్డప్పుడు నాకొక సంగతి తట్టింది. మనిషి ఎంత పోలికగా వచ్చాడన్నది తరువాతి మాట. మనిషికీ మనిషికీ నడుమ జాగా ఎంత అన్నది ముందు తేలాలి. నేను జాగాను గురించి ఆలోచించనే లేదు. మిగిలినచోట మనుషులను కుక్కుతున్నాను.

మూడో రోజు తెల్లవారేసరికి రేవులో ఉన్నాను. ముందు మనుషుల జోలికి పోలేదు. రెండు పేజీలు కలిపి పరుచుకుని, పై అంచుకు మూడు వేళ్ళ కింద అవతలి కొవ్వూరు ఒడ్డును ఒక్క గీతగా గీశాను. 1900లో రైళ్ళు నడవటం మొదలై, 1997లో విశ్రాంతి పుచ్చుకున్న పాత వంతెన స్తంభాలు నాలుగు చూపించాను. ఆ ఒడ్డు గీతే నాకు కొలబద్ద. కూర్చున్నవాడి కంటి ఎత్తు అంతే. దిగువన నీళ్ళ దగ్గరున్నవాళ్ళ తలలు ఆ గీతకు కిందనే ఉండాలి. నా మెట్టు మీద నిలబడ్డవాళ్ళ తలలు గీత దాటి ఆకాశంలోకి పోవాలి. ఇదొక్కటి తప్పకుండా చూసుకుంటే ఆరు గంటలకు వేసిన మనిషీ, ఎనిమిది గంటలకు వేసిన మనిషీ ఒకే రేవులో నిలబడతారు.

ఇక కదిలిపోయేవాళ్ళ సంగతి. రేవులో మనుషులు పోతారు గాని పనులు పోవు. ఒకాయన మునక సగంలో తప్పిపోతే, మరొకాయన వచ్చి అక్కడే మునుగుతాడు. అందుచేత ఒక బొమ్మ పూర్తయ్యాక రెండోది అనుకోకుండా, నలుగురికి జాగాలు చుక్కలు పెట్టి ఉంచుకుని, ఎవరు ఆ భంగిమలోకి వస్తే వారి దగ్గరికి పెన్సిలు పరుగెత్తించాను. అర్ఘ్యమిచ్చే పెద్దమనిషిలో ఒకరి తల, ఒకరి చేతులు, మూడో ఆయన పంచె ఉన్నాయి. పాపం, ఆ ముగ్గురికీ తెలియదు! నీళ్ళను గీయనే లేదు. కాగితం తెలుపే గోదావరి.

ఎడమ అంచున, నా పక్క మెట్టు మీద, పూలమ్మే ముసలావిడ. దారం చుట్టి ముడి బిగించేటప్పుడు ప్రతిసారీ ఆవిడ మెడ ఒకేలా వంగుతుంది కనుక బొమ్మకు అంతకన్న అనువైన మనిషి దొరకదు. దగ్గరి మనిషి పెద్దగా ఉంటేనే దూరపు మనుషులు దూరంగా కనిపిస్తారని ఆవిడను పెద్దగా వేశాను. సగం మనిషి పేజీ బయటికి పోయింది. అది విద్యలో ఒప్పే.

ఏడు గంటలప్పుడు ఒక కుర్రవాడు వచ్చాడు. పన్నెండేళ్ళుంటాయి. గుండు, తడిబట్ట, చేతుల్లో గుడ్డ కట్టిన చిన్న కుండ. పురోహితుడు మెట్టు మీద నుంచి మంత్రం చెబుతుంటే నీళ్ళలోకి దిగాడు. వెయ్యవచ్చునా అని ఒక్క క్షణం సందేహించాను. ముఖం కాదు గదా, వెనుక నుంచే గదా అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. వాడి వెనకాలే ఒకాయన, భుజాన పొడి తువ్వాలుతో, కుర్రవాడి వీపు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. ఆ మనిషి నాకు అడ్డం. పైగా కుర్రవాడి చుట్టూ తెల్లకాగితం ఉంటే చూపు తిన్నగా వాడి దగ్గరికే పోతుంది. ఆయన్ను వదిలేశాను. పేజీ పండింది. మూడు రోజులకు మొదటిసారి నా బొమ్మ నాకు నచ్చింది.

ఇప్పుడు ప్రతివారి చేతిలోనూ ఫోను ఉంది. ఫోటో తీస్తే ఎవరూ తల తిప్పరు. పెన్సిలు పట్టుకుంటే మాత్రం వెనుక ఎవరో ఒకరు చేరతారు. బేరాలు సన్నగిల్లాక పూలావిడ మెడ చాచింది.

"ఏమండీ బాబుగారూ, నన్ను సగమే వేశారేటండి?"

"మీరు దగ్గరగా ఉన్నారు మామ్మగారూ. పుస్తకం చాలలేదు."

"చాలకపోతే చిన్నగా వెయ్యాలండి. నా గంపైనా పూర్తిగా పడనివ్వలేదు మీరు." అంటూనే కుర్రవాడి బొమ్మ మీద ఆగింది. "ఈ పిల్లోడికి ఎవరూ లేరని వేశారా అండి?"

నేను మాట్లాడలేదు.

"మేనమామండి ఆయన. పొద్దున్న నా దగ్గరే పూలు కొన్నారు. ఆ పిల్లోణ్ణి ఒక్క చిటికె వదల్లేదండి, ఆయ్. మీరు చూళ్ళేదా?"

చూశాను. చూసే వదిలేశాను. తండ్రి పోయిన పిల్లవాడికి నేను మేనమామను కూడా లేకుండా చేశాను. అదీ పేజీ అందం కోసం.

అప్పటికి వాళ్ళు వెళ్ళిపోయారు. మెట్ల పైదాకా చూశాను గాని కనిపించలేదు. కళ్ళు మూసుకుంటే ఆయన ముఖం రాలేదు. నేను ముఖం చూస్తే గదా! తువ్వాలు, కొంచెం వంగిన మెడ, ఆ చెయ్యి మాత్రం గుర్తున్నాయి. కుర్రవాడి కుడి భుజం రబ్బరుతో చెరిపి, వాడికీ నాకూ నడుమ ఆయన్ను నిలబెట్టాను. తెలుపు చాలావరకు పోయింది. పేజీ ఇరుకైంది. చూపు ఇప్పుడు తిన్నగా కుర్రవాడి దగ్గరికి పోవటం లేదు. ముందు ఆ తువ్వాలు మీద ఆగి, చేతి మీదుగా వాడి దగ్గరికి వెళుతున్నది.

"ఇప్పుడు బాగుందండి," అంది ముసలావిడ. "మరి నా రెండో సగం?"

పేజీ తిప్పి, ఆవిడను గంపతో సహా నడిమధ్యన మొదలుపెట్టాను. ఆవిడ ముడులు వెయ్యటం మానేసి, కొంగు సర్దుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని స్టూడియోలో ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకు కూర్చుంది. మూడు రోజుల్లో రేవులో కదలకుండా నిలిచిన మనిషి ఆవిడ ఒక్కతే. ఆ బొమ్మ సరిగ్గా కుదరలేదు. ఆవిడకు మాత్రం నచ్చింది. రెండు మూరల మల్లెపూలు కోసి నా చేతిలో పెట్టి, డబ్బులు తీసుకుంది.