చూచినవాడే సాక్షి

సాక్షి యను శబ్దమును పాణిని మహర్షి "ప్రత్యక్షముగా చూచినవాడు" అను అర్థమున సాధించెను. ఊహించినవాడు సాక్షి కాడు. ఎంత గాఢముగా నమ్మినవాడైనను సాక్షి కాడు. ముండకోపనిషత్తున ఒకే వృక్షము నాశ్రయించిన రెండు పక్షులు గలవు. ఒకటి ఫలమును భుజించును. రెండవది భుజింపక చూచుచుండును. ఆ రెండవ పక్షిని గూర్చి మూడు దినములు ప్రవచింపగల పండితుడు సైతము, కాగితముపై "సాక్షులు" అని యున్న చోట సంతకము చేయునపుడు ఆ విచారణ మరచిపోవచ్చును. గోదావరీ తీరమున ఒక గ్రామములో అట్లే జరిగినది.

ఆయన పౌరాణికుడు. ఆయన బాల్యమిత్రుడు ఒక గృహస్థు, భార్య గతించినది, ఇద్దరు కుమారులు దూరదేశములందు స్థిరపడిరి. వైధవ్యము ప్రాప్తించి పుట్టింటికి చేరిన కుమార్తె పదునొకండు సంవత్సరములు తండ్రికి సేవ చేసెను. స్వార్జితమైన ఆ యింటిని ఆమె పేర వ్రాయవలెనని గృహస్థు నిశ్చయించెను. ఈ సంకల్పమును మిత్రునితో పలుమార్లు చెప్పియుండెను.

ఒకనాటి సాయంకాలము పౌరాణికుడు దేవాలయ మండపమున ప్రవచనమునకు కూర్చుండబోవుచుండగా దస్తావేజు లేఖరి వచ్చి, "వీలునామా పూర్తయిందండీ. వారు సంతకం చేశారు, మొదటి సాక్షి కూడా చేశారు. తమది ఒక్కటే మిగిలింది" అనెను. శ్రోతలు వేచియున్నారు. మిత్రుని మనస్సు తనకు తెలియనిదా? పౌరాణికుడు వ్యాసపీఠముపై కాగితము నుంచి, దీపపు వెలుగున సంతకము చేసి, పురాణము నారంభించెను. ఆ పని అర నిమిషమైనను పట్టలేదు.

తొమ్మిది సంవత్సరములు గడచెను. గృహస్థు దివంగతుడయ్యెను, మొదటి సాక్షియు గతించెను. కుమారులు భాగపంపిణీ దావా వేసిరి. కుమార్తె వీలునామాను చూపెను. దానిని రుజువు చేయుటకు మిగిలిన ఏకైక సాక్షి పౌరాణికుడే.

1925 నాటి భారత వారసత్వ చట్టము 63వ సెక్షన్ ఈ విషయమున స్పష్టముగా నున్నది. కనీసము ఇద్దరు సాక్షులుండవలెను. వీలునామా వ్రాసినవారు సంతకము చేయుచుండగా ప్రతి సాక్షియు చూచి యుండవలెను. లేదా ఆ సంతకము తనదేయని వారు స్వయముగా చెప్పగా విని యుండవలెను. పిమ్మట ప్రతి సాక్షియు వారి సమక్షముననే సంతకము చేయవలెను. సాక్షులిద్దరును ఏకకాలమున అచ్చట ఉండవలెనను నియమము లేదు. పత్రములోని విషయము సాక్షికి తెలిసి యుండవలెనను నియమమును లేదు. రిజిస్ట్రేషను వీలునామాకు ఐచ్ఛికము; చేయించినను సాక్షి యవసరము తీరదు. వివాదము వచ్చినపుడు, సంతకము చేసిన సాక్షులలో జీవించి సాక్ష్యమియ్యగలవారుండగా, ఒక్కరినైనను న్యాయస్థానమున విచారింపవలెను.

వాయిదాకు ముందునాటి రాత్రి కుమార్తె పౌరాణికుని యింటికి వచ్చి, "బాబాయిగారూ, మా నాన్నగారి మనసు మీకు తెలుసు కదా. ఆ తెలిసిందే చెప్పండి, చాలు" అనెను.

"తెలిసింది వేరు, చూసింది వేరు తల్లీ. రేపు వాళ్లు అడిగేది చూసిందాన్ని గురించి" అని ఆయన అనెను. ఆమె మారు పలుకక వెళ్లిపోయెను.

మరునాడు బోనులో ప్రమాణము చేయించిరి. వాది పక్షపు న్యాయవాది మూడు ప్రశ్నలడిగెను. ఆయన సంతకము చేయుచుండగా చూచితిరా? లేదు. ఆ సంతకము తనదేయని మీతో చెప్పిరా? లేదు. మీరు సంతకము చేయునపుడు ఆయన మీ యెదుట నుండిరా? లేదు, అది దేవాలయ మండపము. ఇద్దరు సాక్షులు కావలసిన చోట ఒకరి సంతకము నిలువలేదు, వీలునామా వీగిపోయెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము ముగ్గురు సంతానమునకు సమభాగములు వచ్చెను. ఇల్లు విక్రయింపబడెను. కుమార్తె తన మూడవ వంతు తీసికొని పట్టణమున అద్దె గదికి మారెను.

గ్రామస్థులు పౌరాణికుని సత్యవ్రతమును కొనియాడిరి. కొందరు హరిశ్చంద్రునితో పోల్చిరి. ఆయన ఆ స్తుతి నంగీకరింపలేదు. "హరిశ్చంద్రుడు తన రాజ్యం పోగొట్టుకున్నాడు. నేను ఆ పిల్ల ఇల్లు పోగొట్టాను" అనెను.

ఈ మాట యందు ధర్మసూక్ష్మము గలదు. బోనులో అసత్యమాడి యుంటే మహాపాపము. సత్యమాడుటచే అర్హురాలికి నష్టము. ఈ సంకటమును న్యాయస్థానము కల్పింపలేదు. తొమ్మిదేండ్ల క్రితము, దీపము క్రింద, ఆ అర నిమిషము కల్పించెను. చూడకయే "సాక్షి" యని వ్రాసిననాడే అనృతము జరిగిపోయినది. సాక్ష్యము చెప్పుదినమున మాత్రమే సత్యము కావలెననుకొనుట భ్రమ. సంతకము చేయుదినముననే అది కావలెను.

పూర్వులు దీని నెరిగిరి. లేఖ్యమున సాక్షులు పితృనామపూర్వకముగా, స్వహస్తముతో, "ఇందు నేను సాక్షిని" అని వ్రాయవలెనని యాజ్ఞవల్క్య స్మృతి విధించినది. ఇక వేదాంతమున చెప్పబడు సాక్షికి కర్తృత్వము లేదు, కేవలము ప్రకాశించును. వ్యవహార సాక్షికి కర్తవ్యము గలదు: చూడవలెను, జ్ఞాపకముంచుకొనవలెను, అడిగిననాడు పలుకవలెను. అయినను ఒక లక్షణము ఇద్దరికిని సమానము: ఫలమును భుజింపకుండుట. కావున ఆస్తి పొందువారు గాని, వారి భార్యాభర్తలు గాని సాక్షులుగా నుండకుండుటయే మేలు. ఆస్తి పొందువాడే ముందు నిలిచి పత్రమును సిద్ధము చేయించినచో అది సందేహాస్పదమగునని, ఆ సందేహమును తొలగింపవలసిన భారము వీలునామాను చూపువారిదేయని సుప్రీంకోర్టు 1958లో ఒక తీర్పున వివరించినది.

ఆ పౌరాణికుడు నేడు వృద్ధుడు. సాక్షి సంతకమునకు పిలిచినచో, "నాకంటే చిన్నవాళ్లను పిలవండి. రేపు చెప్పడానికి వాళ్లు ఉండాలి" అని చెప్పి, తాను మాత్రము వెంట వెళ్లును. మంచము చుట్టును చేరిన బంధువులను కొంచెము సేపు బయటకు పంపును. "ఇదేం కాగితం? మీ ఇష్టంతోనే రాయించారా?" అని రోగినే అడుగును. రోగి మాట తడబడుచున్నచో వైద్యుని పిలిపించును. సాక్షులు వీధి అరుగుపై నిలిచి, "ఇక్కడే చేసేస్తాం, ఇలా ఇవ్వండి" అన్నచో, కాగితము వారి చేతికీయక, "లోపలికి రండి, ఆయన సంతకం చేస్తారు, చూడండి" అని పిలుచును.

స్వస్తి.