ఎడారిలో ఎండ పట్టే ఇళ్లు

'నోమాడ్‌లాండ్' చూశారా? 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కొట్టేసిన సినిమా. అందులో ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్ వ్యాన్ ఆగిన చోట్లలో అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ ఒకటి. జనవరిలో వెళ్లి చూడండి - ఊళ్లో కంటే బయట ఎడారిలోనే జనం ఎక్కువ! ఎటు చూసినా చక్రాల మీది ఇళ్లే. కరెంటు కనెక్షన్ మాత్రం ఉండదు.

మన ఔట్‌డోర్ షూటింగుల్లో జనరేటర్ మోత ఎలా ఉంటుందో తెలిసిందేగా! ఇక్కడ రాత్రి పది దాటాక ఆ మోత కుదరదు. అందుకే బండి కప్పుల మీద సోలార్ పలకలు.

నా పక్క బండిలో డెబ్బై దాటిన దంపతులు. పెద్దావిడకి నిద్రలో ఊపిరి సరిగా ఆడదు. రాత్రంతా మిషన్ నడవాల్సిందే. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలేమో తెల్లారకుండానే చేతులెత్తేస్తున్నాయిట. వాటిని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతాయి మరి. అందుకని పెద్దాయన 200 వాట్ల పలకలకి ఇంకో 200 కలిపి, లిథియం బ్యాటరీ దించారు. ఛార్జ్ కంట్రోలర్ సెట్టింగు కూడా మార్చారు. నేను నిచ్చెన పట్టుకున్నాను.

చలికాలం సూర్యుడు దక్షిణాన కిందుగా నడుస్తాడు. పలకలు బల్లపరుపుగా పరిస్తే ఎండ వృథా! అటు వాల్చి నిలబెట్టారు. ఏసీ పెట్టె నీడ ఒక మూల పడితే చాలు, కరెంటు ఢామ్మని పడిపోతుంది. ఆ నీడతోనే సగం రోజు గడిచింది.

మర్నాడు ఏడింటికి వెళ్లాను. మిషన్ ఇంకా నడుస్తోంది. ఆవిడ హాయిగా నిద్రపోతున్నారు. రాత్రంతా మీటరు చూస్తూ కూర్చున్నారేమో, పెద్దాయన కళ్లు మాత్రం చింతనిప్పుల్లా ఉన్నాయి.