ముందు డబ్బాలు, తర్వాత బల్ల

కోదాడలో హైదరాబాద్-విజయవాడ రహదారి దిగి ఒక సందులోకి తిరిగితే రేకుల షెడ్డు. మేం వెళ్లేసరికి ప్లైవుడ్ షీట్లు గోడకు ఆనించి ఉన్నాయి. వాటి మీద ఇంకా ఒక్క గీత కూడా పడలేదు. నేల మీద మాత్రం పూసల డబ్బాలు, జరీ కండెలు, దారం రీళ్లు, కత్తెరలు, ఇస్త్రీపెట్టె వరుసగా పేర్చి ఉన్నాయి. మేస్త్రీ గొంతుక్కూర్చుని టేపు పట్టి ఒక్కో డబ్బా ఎత్తు కొలుస్తూ, ప్లైవుడ్ ముక్క మీద పెన్సిలుతో అంకెలు వేసుకుంటున్నాడు. బల్ల చేయించుకుంటున్న ఆమెది సూర్యాపేట. ఇంటి దగ్గరే మగ్గం వర్కు చేస్తూ, బ్లౌజులు కుడుతుంది. పని మాట్లాడుకున్న రోజే మేస్త్రీ షరతు పెట్టాడు: "అక్కా, ముందు డబ్బాలు తేండ్రి. బల్ల సంగతి తర్వాత."

రహదారి పొడుగునా ఫర్నిచర్ షాపుల్లో రెడీమేడ్ బల్లలు లేక కాదు. అవన్నీ ఎవరో ఫైళ్లు పెట్టుకోవడానికి చేసినవి. ఒక పక్క తలుపున్న అర, ఇంకో పక్క ఒకే లోతున్న సొరుగులు. అంత లోతు సొరుగులో కుందన్ల పొట్లం వేస్తే బావిలో వేసినట్టే. పైగా రాసుకునే బల్లల ఎత్తు సాధారణంగా 30 అంగుళాలు. కూర్చుని రాయడానికి సరిపోతుంది గానీ, నిలబడి గుడ్డ కత్తిరించే మనిషికి నడుము విరుగుతుంది. నిలబడి పనిచేసేటప్పుడు బల్ల మోచేతికి కాస్త కిందుగా ఉంటే చాలు, వంగే పని తప్పుతుంది. ఈమెకు అది 35 అంగుళాల దగ్గర కుదిరింది.

ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు వస్తుంది. మేస్త్రీ దాని మీద మొదట 5 అడుగులకు రెండున్నర అడుగుల పైపలక గీశాడు. పక్కన 3 అడుగులకు 4 అడుగుల ముక్క మిగిలింది. అందులోంచి అరకు రెండు నిలువు పలకలు తీయాలి. కాగితం మీద లెక్కేస్తే ఒక్కోటీ సరిగ్గా 24 అంగుళాలు. కానీ కోత మిషను బ్లేడు తన వంతు 3 మిల్లీమీటర్లదాకా తింటుంది. అందుకే ఆయన 24 జోలికి పోకుండా ఇరవై మూడున్నరకే గీత గీశాడు. నిలువు పలక ఎత్తు 34, మీద ముప్పావు అంగుళం పైపలక, కింద రబ్బరు బుష్. ఆ బుష్ ఊరికే పెట్టింది కాదు. ఇల్లు కడిగినప్పుడల్లా నీళ్లు ముందు పీల్చేది పలక అడుగు అంచే. కొన్నాళ్లకు పొరలు విచ్చుకునేదీ అక్కడే.

సరుకంతా సూర్యాపేటలో కొన్నది. రైలు స్టేషన్ లేని ఊరు కాబట్టి ప్లైవుడ్ లారీల మీదే దిగాలి. దేశంలో ప్లైవుడ్‌కు పేరుమోసిన ఊళ్లు హర్యానాలోని యమునానగర్, కేరళలోని పెరుంబావూర్. మొదటి చోట పోప్లర్ కలప, రెండో చోట రబ్బరు చెట్ల కలప ఎక్కువగా వాడతారు. కొనేవాళ్లు చూడాల్సింది షీటు మీది ముద్ర. ఐఎస్ 303 మామూలు ఇంటి వాడకానికి, ఐఎస్ 710 తడి తగిలే చోటుకు. షాపులో మాత్రం రెంటినీ పక్కపక్కన పెట్టి 'వాటర్‌ప్రూఫ్' అనేస్తుంటారు.

అసలు పరీక్ష సొరుగుల దగ్గర. బాల్ బేరింగ్ ఛానెల్‌కు అటు అర అంగుళం, ఇటు అర అంగుళం చోటు కావాలి. అర లోపలి వెడల్పు 15 అంగుళాలైతే సొరుగు పెట్టె కచ్చితంగా 14 ఉండాలి. కొంచెం తగ్గితే ఫర్వాలేదు, ఛానెల్ వెనక సన్‌మైకా ముక్క అడ్డం పెట్టి సరిచేస్తారు. పెరిగితేనే గొడవ. సొరుగు సగంలో బిగుసుకుని, లాగినప్పుడల్లా బల్లే ముందుకొస్తుంది. కోదాడ మేస్త్రీ పెట్టెను రెండు వేళ్లతో లోపలికి నెట్టి, చెవి పెట్టి విన్నాడు. ఎడమ పక్క గీరుకుంటోంది. బయటికి తీసి ఆ పక్కన రందా ఒకసారి పట్టి మళ్లీ తోశాడు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం జాబితాలో 18 వృత్తులున్నాయి. వడ్రంగమూ అందులోదే, దర్జీ పనీ అందులోదే. పనిముట్లకు 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయల అప్పు దాని కింద ఇస్తారు. అంటే ఈ బల్ల చేసే ఆయన, చేయించుకునే ఆమె ఇద్దరూ ఆ జాబితాలోని పనివాళ్లే.

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద వరి విస్తరించాక ఈ ఊరు రైసుమిల్లుల ఊరైంది. పాతకాలం మిల్లుల్లో ధాన్యం పైకి తోడే ఎలివేటరు పెట్టెలు, జల్లెడ చట్రాలు చెక్కతోనే ఉండేవి. అవి బిగించేది వడ్రంగులే. అలాంటి పనులు చేసిన ఒక పెద్ద మేస్త్రీ తన ఇంట్లో టేకు బల్ల సొరుగు లాగి చూపించాడు. ఛానెల్ లేదు, మేకు లేదు. మూలల్లో పలకలు పళ్లు కోసి ఒకదాన్లో ఒకటి దించినవి. సొరుగు కింద రెండు చెక్క పట్టీలు, వాటి మీద కొవ్వొత్తి రుద్దిన నునుపు. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుందని పైన సన్నటి సందు వదిలాడు.

ఛానెళ్లంటే ఆయనకు పడదు. తుప్పు పడితే పారేయాల్సిందే, పట్టీ అయితే రందా పట్టి మళ్లీ వాడుకోవచ్చని వాదన. అందులో సగమే ఒప్పుకోదగింది. ఛానెల్ సొరుగు పూర్తిగా బయటికొస్తుంది, వెనక మూలనున్న రీలు కూడా చేతికందుతుంది. పట్టీల మీది సొరుగును మొత్తం లాగితే జారి కింద పడుతుంది. అలాగని, సొరుగును బల్ల నుంచి పూర్తిగా తీసి చేత్తో పట్టుకెళ్లాలంటే మాత్రం పట్టీలే నయం.

మగ్గం వర్కుకు కావాల్సింది సరిగ్గా అదే. గుడ్డ చట్రానికి బిగించి ఉంటుంది, మనిషి దాని ముందు నుంచి కదలదు, ఆరీ సూది ఒక చేతిలో ఉంటుంది. పూసలే ఆమె దగ్గరికి రావాలి. ఈ మాట ఫోనులో విన్న కోదాడ మేస్త్రీ పై రెండు సొరుగుల ఛానెళ్లు విప్పేశాడు. లోతు రెండంగుళాలకు తగ్గించి, లోపల గదులు కట్టి, వేప పట్టీల మీద కూర్చోబెట్టాడు. ఇప్పుడవి సొరుగులూ, పళ్లేలూ. బరువైన రీళ్లు, ఇస్త్రీపెట్టె ఉండే కింది రెండూ ఛానెళ్ల మీదే నడుస్తాయి. మగ్గం కర్రలు ఏ అరలోనూ పట్టవు కాబట్టి, పైపలక కింద వెనకగా పొడవాటి తొట్టి ఒకటి వదిలాడు.

చక్రాల సంగతే తేలలేదు. బల్లను కిటికీ దగ్గరికీ గోడ దగ్గరికీ జరుపుకోవాలని ఆమెకు ఉంది. నాలుగు చక్రాలు పెడితే గుడ్డ కోసేటప్పుడు బల్ల ఊగుతుందని ఆయన భయం. ఒక పక్క రెండే పెడతాను, రెండో పక్క ఎత్తి జరుపుకో అంటాడు. "ఇస్త్రీపెట్టె లోపలుంటే ఎవరెత్తుతరన్నా?" అని ఆమె.