ఐదుసార్లు వరసగా

మన ఉద్యోగాల్లో "బస్ ఫ్యాక్టర్" అనే మాటొకటి వాడుతుంటాం కదా. టీములో ఎంతమందిని బస్సు గుద్దేస్తే ప్రాజెక్టు ఆగిపోతుంది అని లెక్క. ఆ సంఖ్య ఒకటి అయితే మేనేజరుకి నిద్ర పట్టదు, హడావుడిగా కేటీ సెషన్లు పెట్టించేస్తాడు. ఈ టపా ఆ లెక్క గురించే. కాకపోతే సాఫ్ట్‌వేరు సంగతి కాదు, ఆటల సంగతి.

మా క్లయింటు వైపు మేనేజరు ఒకాయన ఉన్నాడు. యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో చదివాడు. కాల్‌లోకి జనం చేరేదాకా ఉండే ఆ రెండు మూడు నిమిషాల్లో అందరూ వాతావరణం గురించి మాట్లాడితే ఈయన బేస్‌బాల్ గురించి మాట్లాడతాడు. అదీ పెద్ద లీగులు కాదు, వాళ్ల కాలేజీ టీము! నేనేమో కోవిడ్‌లో వినుకొండ వచ్చి, ఇక్కడే ఉండిపోయి, ఊరి చివర ఇంట్లోంచి పని చేసుకుంటున్నవాణ్ణి. ఫిబ్రవరి, మార్చిల్లో పక్కన కల్లాంలో మిరపకాయలు ఎండబోస్తారు. ఆ ఘాటుకి నేను మ్యూట్ పెట్టుకుని తుమ్ముతూ ఆయన చెప్పేది వినేవాణ్ణి. మొదట్లో మొహమాటానికి విన్నాను. తరవాత నిజంగానే ఆసక్తి పుట్టింది.

వాళ్ల టీము జాతీయ ఛాంపియన్‌షిప్ పన్నెండుసార్లు గెలిచింది. అమెరికాలో ఏ కాలేజీకీ అన్ని లేవు. తరవాతి స్థానం ఎల్ఎస్‌యూది, 2025లో గెలిచినదానితో కలిపి ఎనిమిది. అసలు విశేషం మాత్రం 1970 నుంచి 1974 దాకా వరసగా ఐదుసార్లు గెలవడం. ఆ తరవాత వరసగా మూడుసార్లు గెలిచిన టీము కూడా ఇంతవరకూ లేదు.

1973 సెమీఫైనల్ కథ ఆయన కనీసం నాలుగుసార్లు చెప్పి ఉంటాడు. బేస్‌బాల్‌లో ఒక్కో టీముకి తొమ్మిది ఇన్నింగ్సు, ఇన్నింగ్సుకి మూడు ఔట్లు. అవతల మిన్నెసోటా, బంతి వేసేవాడు డేవ్ విన్‌ఫీల్డ్. పదిహేనుమందిని స్ట్రైకౌట్ చేశాడు. ఎనిమిది ఇన్నింగ్సులు అయ్యేసరికి స్కోరు 7-0. మనమైతే టీవీ కట్టేసి అన్నానికి లేస్తాం. చివరి ఇన్నింగ్సులో వీళ్లు ఎనిమిది పరుగులు కొట్టి 8-7తో గెలిచారు. అక్కణ్ణుంచి ఫైనల్‌కి వెళ్లి అరిజోనా స్టేట్ మీదా గెలిచారు.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ మ్యాచ్ కాదు. కాలేజీ కుర్రాడు మహా అయితే నాలుగేళ్లు ఆడతాడు, డిగ్రీ చేతికొచ్చాక వెళ్లిపోతాడు. అంటే అట్రిషన్ నూటికి నూరు శాతం! ఐదేళ్లలో టీము మొత్తం మారిపోతుంది, గెలవడం మాత్రం మారలేదు. మారకుండా ఉన్నది కోచ్ రాడ్ డెడో. 1942లో చేరి 1986 దాకా అక్కడే ఉన్నాడు. పన్నెండులో పదకొండు ఆయన హయాంలోవే. ఆయనకి సొంతంగా ట్రక్కుల కంపెనీ ఉంది, కోచ్‌గా నామమాత్రం జీతం తీసుకునేవాడు, ఏడాదికి ఒక్క డాలరు. (మన అప్రైజల్ మీటింగుల్లో ఎవరూ ఈ ఉదాహరణ వాడకుందురు గాక.)

ఒకసారి ఆయన "మీ వైపు ఇలా వరసగా గెలిచిన టీములున్నాయా?" అని అడిగాడు. ఉంది. అదీ సరిగ్గా ఐదే. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీము, బొంబాయి రోవర్స్ కప్, 1950 నుంచి 1954 దాకా. వాళ్లకంటే ఇరవయ్యేళ్ల ముందు. అదే 1950లో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా పట్టుకొచ్చారు. కలకత్తా వాళ్లని ఫుట్‌బాల్‌లో ఓడించడమంటే మన ఆవకాయ పోటీలో పక్క రాష్ట్రంవాడు గెలిచినట్టు.

హైటెక్ సిటీలో పదేళ్లు పనిచేశాను. అక్కడ ఫుట్‌బాల్ జెర్సీలు వేసుకుని తిరిగే కుర్రాళ్లకి లోటు లేదు, అన్నీ ఇంగ్లండు క్లబ్బులవీ స్పెయిన్ క్లబ్బులవీ. సిటీ పోలీస్ పేరెత్తితే ట్రాఫిక్ చలానా గురించి అనుకుంటారు. 2024లో అజయ్ దేవగణ్ "మైదాన్" సినిమా వచ్చాక రహీం పేరు కాస్త వినబడింది గానీ, అది ఇండియా టీము కథ. అంతకుముందు ఊళ్లో జరిగిన కథ ఇంకా మరుగునే ఉంది.

సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదివి, ఆ రోజుల్లో కాలేజీ కుర్రాళ్లతో ఫుట్‌బాల్ ఆడి, తరవాత హైదరాబాదు బళ్లలో పంతులుగా చేసిన మనిషి. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా సిటీ పోలీస్ ఆయన చేతుల్లో ఉంది, దాంతోపాటు ఇండియా టీమూ ఉంది. 1951 ఏషియన్ గేమ్స్ బంగారు పతకం ఆయనదే. మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లేవియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిన టీమూ ఆయనదే. ఆ దెబ్బ తిన్నవాడు నాలుగేళ్లకి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి నాలుగో స్థానం తెచ్చాడు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, అందరూ హైదరాబాదువాళ్లే. బలరాంది సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ, చాలా పేద ఇల్లు. ప్రాక్టీసుకి అంతదూరం రావడానికి సైకిల్ అద్దె డబ్బులు రహీమే ఇచ్చేవాడని ఆయన చెప్పేవాడు. 1962లో జకార్తా, ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1, మళ్లీ బంగారం. అప్పటికే రహీంకి క్యాన్సర్. 1963 జూన్ 11న పోయాడు.

ఇక్కడే బస్ ఫ్యాక్టర్ గుర్తొచ్చేది. డెడో వెళ్లిపోయాక కూడా ఆ కాలేజీ 1998లో ఇంకోసారి గెలిచింది. అప్పటి కోచ్ మైక్ గిలెస్పీ, 1961లో డెడో కింద ఆడి గెలిచినవాడే. అంటే కేటీ పూర్తయింది. మనదగ్గరా రహీం శిష్యులు లేకపోలేదు. హైదరాబాదువాడే నయీముద్దీన్ 1970లో కెప్టెన్‌గా ఇండియాకి ఏషియన్ గేమ్స్ కాంస్యం తెచ్చాడు, తరవాత పెద్ద కోచ్ అయ్యాడు. కానీ ఆయనా, బలరామూ అందరూ కలకత్తా క్లబ్బులకి వెళ్లిపోయారు. బలరాం 2023లో కన్నుమూసింది కూడా అక్కడే. మంచి రిసోర్సులన్నీ ఆన్‌సైట్ వెళ్లిపోయాక ఆఫ్‌షోర్ ఆఫీసు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ కాంస్యం తరవాత ఇండియా మగవాళ్ల జట్టుకి ఏషియన్ గేమ్స్‌లో ఫుట్‌బాల్ పతకమే లేదు. రోవర్స్ కప్ అనే టోర్నమెంటే ఇప్పుడు లేదు.

ఇంకో చిక్కుంది. ఆ ఐదు కప్పులు ఎవరివి? అప్పట్లో మా వినుకొండ మద్రాసు రాష్ట్రంలో ఉంది, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకొచ్చింది. హైదరాబాదు వేరే రాష్ట్రం. 1956లో కలిశాం, 2014లో విడిపోయాం. వాళ్లలో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు. "మనవాళ్లు" అనుకోడానికి ఎవరికీ సరిగ్గా కుదరలేదు, అందుకే ఎవరూ మోయలేదని నా అనుమానం. మా ఊరికి గుర్తుపెట్టుకోవడం చేతకాక కాదు. 1895లో ఇక్కడ పుట్టిన జాషువా పద్యాలు ఇప్పటికీ టీకొట్ల దగ్గర వినబడతాయి. పద్యమైతే నోటికి వస్తుంది. ఆట అలా రాదు, ఎవరో ఒకరు కూర్చుని రాసిపెట్టాలి. ఆ అమెరికా కాలేజీలో ఆ పనికే మనుషులున్నారు, ఏ ఏడు ఏ మ్యాచ్‌లో ఎవడెన్ని కొట్టాడో అడిగితే తీసి చూపిస్తారు.

రహీం గురించి చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. ఆయన బలహీనమైన కాలితో మాత్రమే ఆడే టోర్నమెంట్లూ, డ్రిబ్లింగ్ చెయ్యకుండా బంతిని వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాల్సిన టోర్నమెంట్లూ పెట్టించేవాడట. చదివిన వెంటనే మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు కళ్లముందు కొచ్చాడు. 1980ల చివర్లో మా బడికి ఉన్న ఫుట్‌బాల్ ఒక్కటే, దానికీ రెండు అతుకులు. ఊరంతా కబడ్డీ, బాల్ బ్యాడ్మింటన్, క్రికెట్ ఆడుతుంటే ఈయన శనివారం ఆఖరి పీరియడ్‌లో మాచేత "ఎడంకాలి ఆట" ఆడించేవాడు. కుడికాలు తగిలితే ఫౌలు. ఒక్కో శనివారం "ఒక్క తన్నే" అనేవాడు, బంతిని రెండోసారి ముట్టుకుంటే ఈల. కొండ కింద గ్రౌండులో అంతా పల్లేరుకాయలు, ఎడంకాలు ఎత్తి కుడికాలి మీద నిలబడితే గుచ్చుకుని చచ్చేవాళ్లం. మాస్టారికి తిక్క అనేవాళ్లు పిల్లలు. ఆయన హైదరాబాదులో ట్రైనింగయ్యొచ్చిన మనిషి. పోయి చాలా ఏళ్లయింది.

ఆ రాత్రే నా క్లాస్‌మేటుకి ఫోన్ చేశాను. వాడిక్కడే పత్తి విత్తనాల షాపు నడుపుతున్నాడు. ఎడంకాలి ఆట గుర్తుందా అంటే పెద్దగా నవ్వాడు.

"ఎందుకు గుర్తుండదురా, ఇప్పటికీ నా మడమ నొప్పి అదే. ఎవడన్నా సరిగ్గా తన్నకపోతే 'రహీం సాబ్ అయితే నిన్ను గ్రౌండులోకి రానిచ్చేవాడు కాదు' అని తిట్టేవాడుగా."

"రహీం సాబ్ అన్నాడా? నిజంగానా?"

"అన్నాడుగా. బజార్లో టైలర్ రహీం సాయిబు అనుకునేవాళ్లం గదరా అందరం. ఆయనకీ ఫుట్‌బాల్‌కీ ఏం సంబంధమో అని నేను నిక్కరు కొలతలకి వెళ్లినప్పుడు అడిగా కూడా."

మీ ఊళ్లో కూడా ఇలాంటి డ్రిల్లు మాస్టారు ఎవరైనా ఎడంకాలితో ఆడించి ఉంటే, ఏ ఊరో, ఏ ఏడో, ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో రాయండి. మీ నాన్నగారో తాతగారో ఆ పోలీసు టీము ఆట చూసి ఉంటే, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి పంపినా చాలు. నేను మాత్రం ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాను. ప్రస్తుతానికి ఒక్కటే వరస ఉంది: వినుకొండ, శనివారం, ఆఖరి పీరియడ్.