గ్యాస్ ఒక్కటే మారిస్తే

పాత కారు ఏసీలో కొత్త గ్యాస్ నింపడం వేరు, ఆ ఏసీని కొత్త గ్యాస్‌కి తగినట్టు మార్చడం వేరు. పోయినేడు వేసవిలో ఈ రెండో పని కోసం విజయవాడ ఆటోనగర్‌లో రెండు షెడ్లు తిరిగాను.

అమ్మ డయాలసిస్ మీద ఉంది. రోజుకి ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్లు లెక్క కట్టి ఇచ్చారు. మే నెల ఎండలో దాహం ఆ లెక్క వినదు. వారానికి మూడుసార్లు ఆస్పత్రికి వెళ్లొచ్చే కారులో చల్లదనం మాకు విలాసం కాదు. ఉన్నది నాన్న వదిలివెళ్లిన 1993 నాటి కారు. నా కాంట్రాక్టు జీతంతో కొత్తది కొనలేను.

ఆ ఏసీ ఆర్-12 గ్యాస్ కోసం తయారైంది. అది సీఎఫ్‌సీల కుటుంబంలోది. సీఎఫ్‌సీల నుంచి విడుదలయ్యే క్లోరిన్ ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని మొలీనా, రోలాండ్ 1974లోనే చెప్పారు. 1985లో అంటార్కిటికా మీది ఓజోన్ రంధ్రం గురించి ప్రపంచానికి తెలిసింది. మరుసటి ఏడాది కారణం వెతకడానికి అక్కడికి వెళ్లిన అమెరికన్ బృందానికి నాయకురాలు సుసాన్ సోలమన్. అప్పుడామెకి ముప్పై ఏళ్లు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 2010 నాటికి మన దేశంలోనూ కార్ల ఏసీల కోసం ఈ గ్యాస్ తయారీ ఆగిపోయింది. ఉన్న గ్యాస్ లీకై పోయాక నాన్న ఇక ఆ ఏసీని పట్టించుకోలేదు.

మొదటి షెడ్డులో "134 గ్యాస్ నింపేస్తాం, గంట పని" అన్నారు. కంప్రెసర్‌లో ఆయిల్ కూడా మార్చాలి కదా అని అడిగాను. జవాబు నాకు రాలేదు. నా పక్కన నిలబడ్డ మా పిన్ని కొడుకు వైపు తిరిగి, "మేడంకి మీరు చెప్పండి సార్, ఇవి ఆడవాళ్లకి అర్థం కావు" అన్నారు. వాడికి ఇరవై ఏళ్లు, డ్రైవింగ్ కూడా రాదు. పాపం, సిగ్గుపడి తల దించుకున్నాడు.

నేనడిగిన దానిమీదే మొత్తం పని ఆధారపడి ఉంది. ఆర్-12తో వాడే మినరల్ ఆయిల్ ఆర్-134ఏలో కలవదు. గ్యాస్ తిరుగుతుంది గానీ ఆయిల్ దానితోపాటు కంప్రెసర్‌కి సరిగా తిరిగి రాదు. నాలుగు రోజులు చల్లగా ఉండి, ఆ తర్వాత కంప్రెసర్ పట్టేస్తుంది. ఎం.ఏ. సిలబస్‌లో స్త్రీవాదానికి ఒక యూనిట్ ఇచ్చి, మిగతా పాఠాలన్నీ పాత పద్ధతిలోనే చెప్పే మా శాఖలు గుర్తొచ్చాయి. అక్కడా గ్యాస్ ఒక్కటే మారింది.

రెండో షెడ్డు పెద్దాయన "రండమ్మా, చూడండి" అని నన్ను బానెట్ దగ్గరికి పిలిచాడు. పాత ఆయిల్ వంచేసి ఎస్టర్ ఆయిల్ పోశాడు. డ్రయ్యర్, ఓ-రింగులు మార్చాడు. కండెన్సర్ రెక్కల్లోని దుమ్ము కడిగించాడు. కొత్త గ్యాస్‌కి పీడనం ఎక్కువ, అందుకని కండెన్సర్ శుభ్రంగా లేకపోతే చల్లదనం రాదు. లోపలి గాలీ తేమా పోయేదాకా ముప్పావుగంట వాక్యూమ్ పంపు నడిపాడు. గ్యాస్ కూడా పాత తూకమంతా ఎక్కించలేదు, దానిలో సుమారు 85 శాతం దగ్గర ఆపాడు. నేనడిగిన ప్రతిదానికీ నాకే జవాబు చెప్పాడు.

ఇంతా చేసి, ఈ గ్యాస్ నిర్దోషి కాదు. ఓజోన్ జోలికి పోదు గానీ, వందేళ్ల లెక్కలో భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా శక్తివంతమైనది. ఇలాంటి గ్యాసుల వాడకం తగ్గించాలని 2016లో కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి. భారత్ 2021లో ఆమోదించింది. మన దేశం తగ్గించడం మొదలుపెట్టాల్సింది 2032 నుంచి. అమ్మకి చల్లగాలి కావాలి, ఆ గాలి కోసం నింపిన గ్యాస్ లీకైతే బయట ఎండ ఇంకాస్త ముదురుతుంది. ఈ రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. నేను చేయగలిగింది లీకులు లేకుండా చూసుకోవడం.

ఇలా మార్చిన కారు బానెట్ కింద ఒక చీటీ అతికించాలి. లేకపోతే తర్వాత చేయి పెట్టినవాళ్లు పాత గ్యాసో పాత ఆయిలో పోసే ప్రమాదం ఉంది. పెద్దాయన చీటీ నా చేతికిచ్చి, "మీరే రాయండమ్మా, మీకు తెలుసుగా" అన్నాడు. ఏ గ్యాస్, ఏ ఆయిల్, ఎంత, ఏ తేదీన అన్నవి రాసి, కింద నా పేరు పెట్టాను.